బిల్లు వెనక వేసిన లెక్క: డీమార్ట్ షేరు మీద ఒక కేస్ స్టడీ

2024లో విజయదశమి అక్టోబరు 12న, శనివారం వచ్చింది. అదే రోజు అవెన్యూ సూపర్‌మార్ట్స్ జులై-సెప్టెంబరు త్రైమాసికం ఫలితాలు ప్రకటించింది. ఆ పేరు చెబితే మన ఊళ్లలో చాలామంది గుర్తుపట్టరు. డీమార్ట్ అంటే చాలు. అమ్మకాలు 14 శాతం పెరిగాయి. లాభం మాత్రం 6 శాతం లోపే పెరిగి 659 కోట్ల రూపాయల దగ్గర ఆగింది. సోమవారం మార్కెట్ తెరిచాక షేరు ఒక్క రోజులోనే 8 శాతానికి పైగా పడిపోయింది.

ఆ సాయంత్రం విజయవాడలోని మా పెట్టుబడి సలహా ఆఫీసుకు ఒక మాస్టారు వచ్చారు. ఇంటర్ పిల్లలకు ముప్పై ఏళ్లు ఫిజిక్స్ చెప్పి రిటైరయ్యారు. జేబులోంచి రెండు కాగితాలు తీసి బల్ల మీద పెట్టారు. ఒకటి డీమ్యాట్ (షేర్ల ఖాతా) స్టేట్‌మెంటు, రెండోది ఆ ఉదయం సరుకులు కొన్న బిల్లు. 2021 అక్టోబరులో రిటైర్మెంటు డబ్బులోంచి 10 లక్షలు పెట్టి, సగటున 5,000 రూపాయల చొప్పున 200 షేర్లు కొన్నారు. అప్పటికి ఆయన మా క్లయింటు కాదు.

"ఎప్పుడు వెళ్లినా ట్రాలీ కోసం ఆగాల్సిందే బాబూ. ఇంత జనం ఎగబడే కంపెనీ లాభపడక ఏం చేస్తుందనుకున్నాను. లాభపడిందని మీ పేపర్లే చెబుతున్నాయి. మరి నా డబ్బు ఎటు పోయింది?"

సలహాదారు వృత్తిలో ఇంత సూటి ప్రశ్న అరుదుగా వస్తుంది. జవాబు చెప్పడానికి మాకు మూడు సిట్టింగులు పట్టాయి. వాటిలో వేసిన లెక్కలే ఈ కేసు. మాస్టారి అనుమతితో రాస్తున్నాను, పేరు, ఊరి వివరాలు లేకుండా.

వంద రూపాయల లెక్క

ఆ బిల్లునే తిరగేసి దాని వెనక రాయడం మొదలుపెట్టాను. డీమార్ట్ వంద రూపాయల సరుకు అమ్మితే దాదాపు 85 రూపాయలు ఆ సరుకు కొనుగోలుకే పోతాయి. మిగిలిన 15లో జీతాలు, కరెంటు, రవాణా, కాపలా, ఇతర ఖర్చులు కలిపి 7 రూపాయలు. నిర్వహణ లాభం 8 రూపాయలు. భవనాల తరుగుదల, పన్ను తీసేశాక కంపెనీ చేతిలో మిగిలేది 5 రూపాయలు. బాగున్న ఏడాదిలో 6.

మాస్టారు కళ్లజోడు సర్దుకుని ఆ కాగితం చూశారు. "ఇందులో అద్దె ఏది?"

అసలు కిటుకు అక్కడే ఉంది. డీమార్ట్‌కు చెప్పుకోదగ్గ అద్దె లేదు. దుకాణాల్లో ఎక్కువ భాగం సొంత భవనాల్లో, మిగిలినవి దీర్ఘకాలిక లీజు స్థలాల్లో నడుస్తాయి. మాల్స్ జోలికి పోకుండా, మధ్యతరగతి కాపురాలున్న పేటల అంచున స్థలం కొని కట్టుకుంటారు. వ్యవస్థాపకుడు రాధాకిషన్ దమానీ అంతకుముందు పేరున్న షేర్ మార్కెట్ మదుపరి. 2002లో ముంబయిలోని పొవాయ్‌లో మొదటి దుకాణం తెరిచారు. 2017 మార్చి నాటికి, అంటే పదిహేనేళ్లకు, మొత్తం 131 దుకాణాలే అయ్యాయి. సొంత స్థలం కొనుక్కుంటూ వెళ్లేవాడు పరుగెత్తలేడు. పరుగెత్తనందువల్ల బోర్లా కూడా పడలేదు.

రెండో కిటుకు సరఫరాదారుల దగ్గర ఉంది. పెద్ద దుకాణాలు సరుకు తీసుకుని, అమ్మి, ఆ డబ్బును వారాల తరబడి తిప్పుకుని తర్వాత చెల్లిస్తాయి. డీమార్ట్ దాదాపు వారంలో చెల్లించేస్తుంది. తన గోదాములో మాత్రం సుమారు నెల రోజుల సరుకు ఉంటుంది. అంటే సరుకు అమ్ముడుపోకముందే తన జేబులోంచి డబ్బు కడుతోంది. కామర్స్ విద్యార్థిని అడిగితే ఇది తెలివితక్కువ పని అంటాడు. కానీ వారంలో డబ్బు ఇచ్చేవాడికి కంపెనీలు ధర తగ్గించి ఇస్తాయి, కొరత వచ్చినప్పుడు సరుకు ముందు అతనికే పంపుతాయి. ఆ తగ్గింపే ఎంఆర్‌పీ కంటే తక్కువ ధరగా మన బిల్లులో కనిపిస్తుంది. మన పెద్ద బజార్లలో రొక్కం పెట్టి కొనే చిల్లర వర్తకుడికి హోల్‌సేల్ షావుకారు ఇచ్చే మర్యాద కూడా ఇదే కదా!

అద్దె, అప్పు ఈ వ్యాపారాన్ని ఏం చేయగలవో చూపడానికి మాస్టారికి రెండు పాత కథలు చెప్పాను. 1997లో చెన్నైలో మొదలైన సుభిక్ష పదేళ్లు తిరిగేసరికి దేశమంతటా 1,600 దుకాణాల దాకా తెరిచింది. చేతిలో తిరిగే డబ్బు ఎండిపోయి 2009లో మూతపడింది. రెండోది బిగ్ బజార్‌ను నడిపిన ఫ్యూచర్ రిటైల్. హెరిటేజ్ ఫ్రెష్ దుకాణాలు చాలామందికి గుర్తుండే ఉంటాయి. 2016లో కుదిరిన ఒప్పందం ప్రకారం వాటిని ఫ్యూచర్ తీసుకుంది, బదులుగా హెరిటేజ్ ఫుడ్స్‌కు తన షేర్లు ఇచ్చింది. కరోనా తర్వాత ఫ్యూచర్ అద్దెలు, అప్పులు కట్టలేని స్థితికి చేరింది. 2022 మొదట్లో చాలా దుకాణాలు రిలయన్స్ చేతికి వెళ్లాయి. ఆ ఏడాది జులైలో కంపెనీ దివాలా ప్రక్రియలోకి వెళ్లింది. సుభిక్షకూ ఫ్యూచర్‌కూ జనం రాకపోవడం సమస్య కాలేదు. జనం ఉండగానే కూలాయి.

"అయితే నేను మంచి కంపెనీనే కొన్నాను" అన్నారు మాస్టారు. అవునన్నాను. సగం ప్రశ్న అక్కడికి తీరింది.

పబ్లిక్ ఇష్యూ, నా తప్పు

2017 మార్చిలో కంపెనీ 1,870 కోట్ల రూపాయల పబ్లిక్ ఇష్యూకు వచ్చింది, అంటే తొలిసారి షేర్లు జనానికి అమ్మింది. షేరు ధర 299 రూపాయలు. వచ్చిన డబ్బులో 1,080 కోట్లు అప్పులు తీర్చడానికేనని ముందే చెప్పింది. వంద రెట్లకు పైగా దరఖాస్తులు వచ్చాయి. మార్చి 21న లిస్టయిన రోజు, అంటే మార్కెట్లో కొనడం, అమ్మడం మొదలైన రోజు, షేరు 641 రూపాయల చేరువలో ముగిసింది.

ఆ రోజు నా క్లయింట్లందరికీ ఒకే మాట చెప్పాను, "ముట్టుకోవద్దు" అని. 2016-17లో కంపెనీ లాభం 483 కోట్లు. షేర్ల సంఖ్యతో భాగిస్తే షేరుకు 7 రూపాయల 70 పైసలకు కాస్త పైన. 641ను దానితో భాగిస్తే 83, అంటే షేరు ధర దాని ఏడాది లాభానికి 83 రెట్లు. వంద రూపాయలకు 5 రూపాయలు మిగిల్చుకునే పచారీ కొట్టుకు 83 రెట్లా అని నవ్వాను. ఆ నవ్వు నా క్లయింట్లకు చాలా ఖరీదైంది. ఎనిమిదేళ్లలో ఆ షేరు ఆరు రెట్లు దాటింది.

ఎందుకు దాటిందో లెక్కల్లోనే ఉంది. 2016-17లో 11,881 కోట్లున్న అమ్మకాలు 2019-20కి 24,675 కోట్లకు చేరాయి, అంటే మూడేళ్లలో రెట్టింపు దాటాయి. లాభం 1,350 కోట్లయింది. అదే సమయంలో ప్రమోటర్ల (కంపెనీని పెట్టి నడిపేవాళ్ల) వాటాను 75 శాతానికి తగ్గించాలన్న మార్కెట్ నియంత్రణ సంస్థ సెబీ నిబంధన నెత్తిమీద ఉంది. 2020 ఫిబ్రవరిలో షేరుకు 2,049 రూపాయల చొప్పున 2 కోట్ల కొత్త షేర్లను సంస్థాగత మదుపరులకు అమ్మి 4,098 కోట్లు సమీకరించారు. మరుసటి నెలలోనే లాక్‌డౌన్ వచ్చింది. దీన్ని ముందుచూపు అనలేం, అదృష్టమే అనాలి. కానీ అదృష్టం తలుపు తట్టినప్పుడు అప్పు లేకుండా ఉండటం వాళ్ల సొంత ఘనతే. 2020 ఏప్రిల్-జూన్‌లో లాభం 323 కోట్ల నుంచి 40 కోట్లకు పడిపోయింది. 

ఆ తర్వాతి ఏడాదిన్నర మాస్టారి కథలో అసలు ఘట్టం. 2020-21లో అమ్మకాలు, లాభం రెండూ తగ్గాయి. లాభం 1,165 కోట్లు. షేరు మాత్రం పైకి పోతూనే ఉంది. బ్యాంకు వడ్డీలు అట్టడుగున ఉన్నాయి, ఇంట్లో కూర్చున్న జనం డీమ్యాట్ ఖాతాలు తెరిచారు. షేర్లలో నాలుగింట మూడు వంతులు ప్రమోటర్ల దగ్గరే కదలకుండా ఉన్నాయి, మిగతాదాంట్లోనూ పెద్ద భాగం ఫండ్ల చేతిలో ఉంది. కొనేవాళ్లు పెరిగి, అమ్మేవాళ్లు లేని బజారు ఎలా ఉంటుందో ఉల్లిపాయల ధర చూసినవాళ్లకు చెప్పనక్కర్లేదు. 2021 అక్టోబరులో షేరు 5,900 రూపాయల చేరువకు వెళ్లింది.

మాస్టారు కొన్న 5,000 రూపాయలను 2020-21 లాభంతో పోల్చి చూపించాను. ఆ ఏడాది షేరుకు లాభం సుమారు 18 రూపాయలు. అంటే ఆయన 278 రెట్లు చెల్లించారు.

"రెండు వందల డెబ్బై ఎనిమిది" అని ఆయన ఒకసారి మెల్లగా అనుకున్నారు. లాభం ఇక పెరగకుండా ఉన్నచోటే ఉంటే, పెట్టిన డబ్బు లాభంగా తిరిగి రావడానికి 278 ఏళ్లు పడుతుంది. లాభం అలాగే ఉండదు, నిజమే. పెరిగింది కూడా. 2024-25 నాటికి 2,927 కోట్లు, షేరుకు 45 రూపాయలు. రెండున్నర రెట్లు. కానీ 2025 మార్చి చివర షేరు ధర 4,000 రూపాయల చుట్టూ ఉంది. అంటే 89 రెట్లు. లాభం పెరుగుతూ పోయింది, రెట్లు కరుగుతూ వచ్చాయి. మాస్టారి డబ్బు ఆ కరుగుదలలో పోయింది.

లిస్టయిన రోజు 83 రెట్లు. ఎనిమిదేళ్ల తర్వాత 89 రెట్లు. రెండు చివరలా రెట్లు దాదాపు సమానం కాబట్టి, మొదటి రోజు 641కి కొన్నవాడికి లాభం ఎంత పెరిగిందో షేరూ అంతే పెరిగింది. లాభం ఆరు రెట్లు, ధర ఆరు రెట్లకు కాస్త పైన. ఏడాదికి 25 శాతం చొప్పున. మాస్టారు మధ్యలో, రెట్లు శిఖరం మీద ఉన్నప్పుడు ఎక్కారు. కంపెనీ ఒకటే, దుకాణాలు అవే. ఆ 10 లక్షలు బ్యాంకులో ఫిక్సెడ్ డిపాజిట్ చేసి ఉంటే అప్పటికి 12 లక్షలు దాటేవి. షేర్ల విలువ 8 లక్షల దగ్గరుంది.

పై అంతస్తు ఖాళీ

రెండో సిట్టింగు ఆఫీసులో జరగలేదు. మాస్టారి శ్రీమతి నెల సరుకులకు బయలుదేరుతుంటే నేనూ వెంట వెళ్లాను. కింది అంతస్తులో కందిపప్పు, నూనె డబ్బాలు, చక్కెర, సబ్బుల దగ్గర అడుగు పెట్టే సందు లేదు. పై అంతస్తులో పిల్లల గౌన్లు, స్టీలు గిన్నెలు, ప్లాస్టిక్ డబ్బాలు, దుప్పట్లు. అక్కడ మేం ముగ్గురం, ఇంకో రెండు కుటుంబాలు మాత్రమే. ఆవిడ ఒక నీళ్ల సీసా తీసి చూసి, మళ్లీ అక్కడే పెట్టేశారు.

"బట్టలు ఇక్కడ తీసుకోరా అమ్మా?" అని అడిగాను.

"ఇదివరకు పిల్లలకు ఇక్కడే తీసుకునేదాన్నండి. ఇప్పుడు మా కోడలు అన్నీ ఫోనులోనే తెప్పిస్తోంది. హైదరాబాద్‌లో వాళ్లకు కొత్తిమీర కూడా పది నిమిషాల్లో గుమ్మంలోకి వచ్చేస్తుంది."

ఒక దుకాణం, ఒక ఉదయం. దీన్నే రుజువు అనుకోకూడదు. కానీ కంపెనీ లెక్కలు కూడా ఇదే వైపు చూపిస్తున్నాయి. బట్టలు, గిన్నెలు, ఇంటి సామాను వాటా 2019-20లో మొత్తం అమ్మకాల్లో 27 శాతం దాటి ఉండేది. తర్వాత అది 23 శాతం చుట్టుపక్కలకు దిగింది. పప్పు, నూనె మీద మార్జిన్ పలచన. గౌను మీద, స్టీలు గిన్నె మీద మందంగా ఉంటుంది. చవక పప్పు కోసం వచ్చినవాళ్లు పై అంతస్తు ఎక్కితేనే వంద రూపాయల లెక్కలో ఆ 15 నిలబడుతుంది.

రెండో అంకె చదరపు అడుగుకు అమ్మకం. 2018-19లో అది 35,647 రూపాయలు. 2023-24లో 32,941. ఐదేళ్లలో సరుకుల ధరలు ఎంత పెరిగాయో మన ఇళ్ల బిల్లులే చెబుతాయి. అయినా అడుగుకు అమ్మకం తగ్గింది. దీనికి ఒక కారణం దుకాణాలు పెద్దవి కావడం. 2017లో సగటున 31 వేల చదరపు అడుగులుండేవి, 2024కి 41 వేలు దాటాయి. కొత్త దుకాణం నిండడానికి సమయం పడుతుంది. ఇంకో కారణం మాస్టారి కోడలి ఫోను. 2024 అక్టోబరు ఫలితాలతోపాటు అప్పటి సీఈఓ నెవిల్ నొరోన్హా స్వయంగా ఈ సంగతి ఒప్పుకున్నారు. మెట్రో నగరాల్లో బాగా అమ్ముడయ్యే దుకాణాల మీద ఆన్‌లైన్ కిరాణా ప్రభావం కనిపిస్తోందన్నారు. రెండేళ్లు దాటిన దుకాణాల్లో ఆ త్రైమాసికంలో అమ్మకాలు 5.5 శాతమే పెరిగాయి. లిస్టయిన ఏడాది ఇదే లెక్క 21 శాతం.

మాస్టారు దీన్ని నాకంటే బాగా చెప్పారు. "వేగం పెరుగుతూనే ఉంది, త్వరణం తగ్గింది. మీ మార్కెట్ డబ్బు కట్టింది త్వరణానికి." ఆ వాక్యం మా ఆఫీసులో ఇప్పుడు అందరూ వాడుతున్నారు.

2022-23లో అమ్మకాలు 41,833 కోట్లు, లాభం 2,556 కోట్లు. 2024-25లో 57,790 కోట్లు, 2,927 కోట్లు. రెండేళ్లలో అమ్మకాలు 38 శాతం పెరిగితే లాభం 15 శాతం కూడా పెరగలేదు. వందకు 6 రూపాయల 10 పైసలు మిగిలేది 5 రూపాయల 10 పైసలకు దిగింది. ఆ ఒక్క రూపాయి 57 వేల కోట్ల మీద ఎంతవుతుందో చూడండి, 570 కోట్లకు పైనే.

కంపెనీ వైపు నుంచి కూడా చూడాలి కదా. 2024-25లో కొత్తగా తెరిచిన 50 దుకాణాల్లో 28 చివరి మూడు నెలల్లోనే తెరిచారు. వాటి ఖర్చు ఆ ఏడాది పద్దులోనే పడింది, అమ్మకాలు తర్వాత వస్తాయి. మార్చి నాటికి మొత్తం 415 దుకాణాలు. మహారాష్ట్ర, గుజరాత్‌ల తర్వాత ఈ గొలుసుకు బాగా పట్టున్న చోట్లలో మన రెండు రాష్ట్రాలూ ఉన్నాయి. వ్యాపారం నుంచి వచ్చే నగదు దాదాపు అంతా, కొన్ని ఏళ్లలో అంతకు మించి, స్థలాలు, భవనాల్లోకే పోతోంది. అందుకే లిస్టయినప్పటి నుంచి డివిడెండు, అంటే లాభంలోంచి షేరుదారులకు పంచే డబ్బు, లేదు. రిటైరైన మనిషికి ఇది చిన్న విషయం కాదు. నెలనెలా డబ్బు కావాల్సిన ఇంట్లో, పైసా డివిడెండు ఇవ్వని షేరు మీద 10 లక్షలు పెట్టకూడదు. కంపెనీ ఎంత గొప్పదైనా ఈ మాటలో మార్పు ఉండదు.

నొరోన్హా 2004 నుంచి ఉన్నారు. ఆయన స్థానంలోకి యూనిలీవర్ నుంచి అన్షుల్ అసావా వస్తారని 2025 జనవరిలో ప్రకటించారు. ఏళ్ల తరబడి ఒకే చేతి కింద నడిచిన సంస్థకు ఇది కొత్త పరీక్ష. దీనికి అంకె వేయడం నాకు చేతకాదు, వదిలేశాను.

చేసిన పని

మూడో సిట్టింగు 2025 మార్చిలో. మధ్యలో షేరు 3,400 దాకా పడి మళ్లీ 4,000 చేరువకు వచ్చింది. పడ్డప్పుడు అమ్మేద్దామని మాస్టారు ఫోను చేశారు, ఆగమన్నాను. అది జోస్యం కాదు. ఆయన చేతిలో ఇంకో లెక్క ఉంది.

ఆ ఆర్థిక సంవత్సరంలోనే ఆయన ఊళ్లో ఒక ఇంటి స్థలం అమ్మారు. దాని మీద దీర్ఘకాలిక మూలధన లాభం (చాలాకాలం ఉంచుకున్న ఆస్తిని అమ్మితే వచ్చే లాభం) వచ్చింది, పన్ను కట్టాలి. ఏడాది దాటి ఉంచుకున్న లిస్టెడ్ షేరు నష్టానికి అమ్మితే, ఆ దీర్ఘకాలిక నష్టాన్ని స్థలం మీది దీర్ఘకాలిక లాభంలోంచి తీసేయవచ్చు. మిగిలితే ఎనిమిదేళ్లు ముందుకు తీసుకెళ్లవచ్చు. ఆ వీలు ఆ ఏడాదికి మార్చి 31తో అయిపోతుంది. చాలామంది రిటైర్డ్ మదుపరులకు ఈ దారి తెలియదు. తెలిసినా, "కొన్న ధరకు వచ్చాక అమ్ముతాను" అనే పట్టుదల దాన్ని మూసేస్తుంది. కొన్న ధర కొన్నవాడికే గుర్తుంటుంది, షేరుకు దాని సంగతి తెలియదు.

100 షేర్లు 4,000 చుట్టూ అమ్మించాను. లక్ష రూపాయల నష్టం స్థలం లాభంలో కలిసింది. వచ్చిన 4 లక్షలు మాస్టారి దంపతుల సీనియర్ సిటిజన్ పొదుపు ఖాతాలోకి వెళ్లాయి, మూడు నెలలకోసారి వడ్డీ వస్తుంది. మిగిలిన 100 షేర్లు ఉంచాం. వాళ్ల మొత్తం పొదుపులో అవిప్పుడు ఇరవయ్యో వంతు కూడా లేవు. 89 రెట్లకు ఈ షేరు కొత్తగా కొనమని నేను ఎవరికీ చెప్పడం లేదు. 2017లో 83 రెట్లకు కూడా ఇలాగే చెప్పానని మాస్టారు గుర్తుచేశారు. నిజమే. అప్పుడు పాత దుకాణాల అమ్మకాలే ఏడాదికి 21 శాతం పెరుగుతుండేవి. ఆ అంకెను అప్పట్లో నేను చూడలేదు, ఇప్పుడు చూస్తున్నాను.

మే మొదటి వారంలో వార్షిక ఫలితాలు వచ్చిన రోజు రాత్రి మాస్టారు ఫోను చేశారు. పాత దుకాణాల అమ్మకాలు ఏడాది మొత్తానికి 8.4 శాతం పెరిగాయని ఆయనే ముందు చెప్పారు. బట్టల వాటా ఎంతో ఇంకా వెతుకుతున్నానన్నారు. వెనక నుంచి శ్రీమతి గొంతు వినిపించింది, రేపు వెళ్లేటప్పుడు రెండు సంచులు తీసుకురమ్మని. పై అంతస్తు కూడా ఒకసారి చూసి వస్తానని చెప్పి ఆయన ఫోను పెట్టేశారు.